నేను చూడని సాలేశ్వరం

పోయినేడు నేను సాలేశ్వరం వెళ్లొచ్చానని మా ఇంట్లో తెలుసు, ఆఫీసులో తెలుసు, నా వాట్సాప్ స్టేటస్ చూసిన రెండొందల మందికీ తెలుసు. అక్కడిదాకా చేరలేదన్న సంగతి మాత్రం నాకూ, నాతో వచ్చిన ముగ్గురు ఫ్రెండ్స్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.

పెద్ద అబద్ధమేం కాదులే అనుకున్నా. సగం దారి నడిచాం, వెనక్కి వచ్చేశాం. స్టేటస్‌లో పెట్టిన జలపాతం ఫోటో నెట్‌లోంచి తీసుకున్నది. ఏడాది గడిచింది, అందరూ మర్చిపోయారు. నేనూ మర్చిపోయేవాణ్నే, ఈ శివరాత్రికి ఇంటికి వెళ్లకపోయి ఉంటే.

ఆ రాత్రి జాగారం పేరుతో అందరం టీవీ ముందు కూర్చున్నాం. పదకొండు దాటేసరికి నాన్న కుర్చీలోనే గురక మొదలుపెట్టాడు. అమ్మ టీవీ సౌండు తగ్గించి, నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"అరే, ఈసారి సాలేశ్వరం నన్ను గూడ తోల్కపోతవా?"

అమ్మకు యాభై ఆరేళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. రోజూ నడిచే దూరమంటే ఇంటి నుంచి కూరగాయల అంగడి దాకా. 'నీ వల్ల కాదమ్మా' అనబోయి ఆగిపోయాను. నా వల్లే కాలేదు కదా మరి!

"పోదాం" అన్నాను.

ఇరవై రెండు సద్దులు

సాలేశ్వరం గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల లోపల, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ఉన్న లోతైన లోయ అది. పైన కొండల మీద చెట్లన్నీ ఆకు రాల్చి ఎండుపుల్లల్లా నిలబడి ఉండే ఏప్రిల్‌లో కూడా, ఆ లోయలో రాతి మీది నుంచి నీళ్లు పడుతూనే ఉంటాయి. కింద గుండం, పక్కన గుహలో లింగమయ్య. పూజలు చేసేది చెంచులు. ఏడాదంతా అటువైపు ఎవరినీ పోనివ్వరు. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులు మాత్రం అటవీ శాఖ దారి తెరుస్తుంది. అంటే ఈసారి తప్పిపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. డ్యూటీలు మార్చుకుని మరీ ప్రతి ఏడాదీ సాలేశ్వరం వెళ్లేవాడు. వాళ్లదో ఊరి బ్యాచ్. ఆ రోజుల్లో లింగాల వైపు నుంచి వెన్నెల్లో రాత్రంతా నడిచేవాళ్లట. బయలుదేరే ముందు రోజు అమ్మ సద్ది కట్టేది. జొన్నరొట్టెలు, నువ్వుల పొడి, పులిహోర, పచ్చిమిరపకాయల తొక్కు, రెండు ఉల్లిగడ్డలు. నాన్న తిరిగొచ్చేటప్పుడు ఒక సీసాలో గుండం నీళ్లు తెచ్చేవాడు. అవి ఇల్లంతా చల్లి, వారం రోజుల పాటు కథలు చెప్పేవాడు.

అమ్మ లెక్కపెట్టి చెప్పింది. మొత్తం ఇరవై రెండు సార్లు సద్ది కట్టిందట. తను మాత్రం ఒక్కసారీ పోలేదు. మొదట్లో మేం చిన్నపిల్లలం. తర్వాత నానమ్మ మంచం పట్టింది. ఆ తర్వాత ఇంట్లో బర్రె ఈనే టైమ్. ఎప్పుడూ ఏదో ఒకటి. మోకాళ్లు అరిగిపోయి నాలుగేళ్ల కింద నాన్న కూడా మానేశాడు. అమ్మ అడిగేవరకూ, తనకూ చూడాలని ఉంటుందన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు. నాకు కూడా.

షీట్‌లో లేని ప్రశ్న

హైదరాబాద్ వచ్చాక మర్నాడే ఒక షీట్ తెరిచాను. ఏదైనా పని ముంగిట్లోకి రాగానే షీట్ తెరవడం మా వృత్తిలో అందరికీ ఉండే జబ్బే. తేదీ, బండి, బస, నీళ్లు, తిండి, మందులు అని వరసలు పెట్టి రంగులు వేశాను. రాత్రి వీడియో కాల్‌లో అమ్మకు గర్వంగా చదివి వినిపించాను. అంతా విని అమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"గుండంల స్నానం జేసినంక ఆడోళ్లు బట్టలు మార్చుకోనీకి చాటు ఉంటదా?"

"ఉంటుందమ్మా."

"ఏడుంటది? గుహకు ఈ పక్కనా, ఆ పక్కనా?"

నేను నీళ్లు నమిలాను.

"కిందికి దిగనీకి నీకెంతసేపు పట్టింది?"

"ఒక గంట... గంటన్నర..."

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కోపం లేకుండానే అంది. "పోయినేడు నువ్వు ఆడిదాక పోలే గదరా."

నాకు చెవులు వేడెక్కాయి.

"ఆ ఫోటో చూసిన్నాడే అనుకున్న. అండ్ల నీళ్లు ధారలు ధారలు దుంకుతున్నయి. ఎండకాలంల గన్ని నీళ్లు ఏడికెళ్లి వస్తయి? సన్నగ పడ్తయని మీ నాయిన ఇన్నేండ్లు జెప్పిండు."

ఏడాది కిందటే తెలుసన్నమాట! నేను పెట్టింది వానాకాలపు ఫోటో అని కూడా నాకు తట్టలేదు.

"మరి అప్పుడే ఎందుకు అడగలేదమ్మా?"

"నువ్వే జెప్తవనుకున్న."

పోయినేడు అసలేం జరిగింది

మా ఆఫీసులో ఏదైనా సిస్టమ్ పడిపోతే, బాగుచేశాక అందరం కూర్చుంటాం. ఎవరి తప్పో తేల్చడానికి కాదు, ఏ గంటకు ఏం జరిగిందో వరసగా రాసుకోవడానికి. ఆ రాత్రి అమ్మతో ఫోన్‌లో అదే పని చేశాను. దాచకుండా మొత్తం చెప్పేశాను.

మేం నలుగురం పౌర్ణమి నాటికి అక్కడుండాలని ముందు రోజు అర్ధరాత్రి హైదరాబాద్‌లో కారెక్కాం. శ్రీశైలం హైవే మీద మన్ననూర్ దాటాక అడవి. అక్కడ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లు వదలరు. రాత్రిపూట జంతువులు రోడ్డు దాటే చోటది. ఈ సంగతి మా నలుగురిలో ఒక్కడికీ తెలియదు. దాంతో మూడు గంటలకు పైగా కారులోనే కునికిపాట్లు పడ్డాం. గేటు తెరిచాక ముందూ వెనకా బండ్లే బండ్లు. నడక మొదలుపెట్టేసరికి పదిన్నర అయింది.

మనిషికో లీటరు బాటిల్, రెండు చిప్స్ ప్యాకెట్లు, ఒక ఎనర్జీ డ్రింక్. ఇదీ మా సామాను. ముగ్గురి కాళ్లకు ఆ వారమే కొన్న షూస్. ఏప్రిల్‌లో మా వైపు నలభై డిగ్రీలు దాటడం మామూలే. అడవి అన్న మాట వినగానే నీడ ఉంటుందని మేం ఊహించుకున్నాం. కానీ ఆ కాలంలో ఆ చెట్లకు ఆకులే ఉండవు.

సుమారు మూడు కిలోమీటర్లు నడిచాక మాలో ఒకడు ఒక రాయి మీద కూలబడ్డాడు. పిక్కలు పట్టేశాయి. వాంతి చేసుకున్నాడు. మాట తడబడింది. అప్పటికే మా నీళ్లు అయిపోయాయి. దారి పక్కన నీళ్లు పోస్తున్న ఒక చెంచు కుర్రాడు పరుగున వచ్చి, వాణ్ని ఉన్నంతలో నీడ ఉన్న చోట పడుకోబెట్టాడు. తువ్వాల తడిపి మెడ మీద వేశాడు. నీళ్లు గుక్క గుక్కగా తాగించాడు. వాడు తేరుకున్నాక మాతో ఒకే మాట అన్నాడు.

"కిందికి పోకున్రి. దిగుతరు గని, ఎక్కలేరు."

మేం వెనక్కి తిరిగాం. అది మంచి నిర్ణయం. తిరుగు దారిలో కారులో కూర్చుని 'ఇంత దూరం వచ్చి చూడలేదంటే పరువు పోతుందిరా' అనుకుంటూ ఆ ఫోటో వెతికి పెట్టాం చూడండి, అదీ చెడ్డ నిర్ణయం.

అమ్మ అంతా విని, "ఆ పిలగాడు బాగున్నడా ఇప్పుడు?" అని అడిగింది. మా ఫ్రెండ్ గురించి. అంతే. ఫోటో ఊసు మళ్లీ ఎత్తలేదు.

తలకిందుల కొండ

కుర్రాడు అన్న ఆ మాటే మా కొత్త ప్లాన్‌కు పునాది అయింది. మామూలు కొండకైతే ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు ఎక్కుతాం, అలసిపోయాక దిగుతాం. సాలేశ్వరం తలకిందుల కొండ. పొద్దున చల్లటి పూట దిగుతాం, కాళ్లు హాయిగా సాగిపోతాయి, 'ఇంతేనా' అనిపిస్తుంది. అసలు ఎక్కుడు తిరిగొచ్చేటప్పుడు ఉంటుంది, అదీ నడినెత్తిన ఎండలో. అందుకే ఉన్న ఓపికలో, నీళ్లలో, టైమ్‌లో మూడో వంతు మాత్రమే పోవడానికి, మిగతాదంతా రావడానికి అని రాసుకున్నాం.

పాత షీట్ మొత్తం చెరిపేసి కొత్తది మొదలుపెట్టాను. ఈసారి నేను టైప్ చేశాను, అమ్మ చెప్పింది.

మొదట రోజు. చైత్ర పౌర్ణమి ఏటా ఒకే తేదీకి రాదు. 2024లో ఏప్రిల్ 23న వస్తే, 2025లో ఏప్రిల్ 12న వచ్చింది. పౌర్ణమి రోజు జనం విపరీతంగా ఉంటారు. అందుకే దానికి ఒక రోజు ముందు వెళ్దామన్నాను. 'పున్నమి నాడు పోతేనే పుణ్యం' అంటుందేమో అని భయపడ్డా. అమ్మ మాత్రం "జనంల తొక్కులాట అయితే పుణ్యం యాడికెళ్లి వస్తది?" అంది.

రెండోది దారి. ముందు రోజు సాయంత్రానికే అచ్చంపేటలో పిన్ని వాళ్లింటికి చేరాలి. హాయిగా నిద్రపోవాలి. జాతరకు అచ్చంపేట నుంచి ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. నేను కారు అద్దెకు తీసుకుందామంటే, పక్క గదిలోంచి నాన్న గొంతు వినిపించింది. "కండక్టర్ కొడుకువి, బస్సెక్కనీకి సిగ్గా?" సరే, బస్సే.

మూడోది అమ్మ కాళ్లు. చేతిలో ఆరు వారాలు ఉంది. మొదటి వారం ఊళ్లో హైస్కూల్ గ్రౌండ్ చుట్టూ ఇరవై నిమిషాలు. తర్వాత అరగంట, ముప్పావు గంట. నాలుగో వారం నుంచి మా ఇంటి మేడ మెట్లు. పది సార్లు దిగి, పది సార్లు ఎక్కాలి. ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టే యాప్ ఎలా చూడాలో నేర్పాను. రోజూ రాత్రి స్క్రీన్‌షాట్ పంపేది. ఒకరోజు నా లెక్క అడిగింది. నావి రెండు వేల నాలుగొందలు, తనవి ఎనిమిది వేలు. ఆ రాత్రి నేను కూడా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ మానేశాను.

నాలుగోది డాక్టర్. ఇదొక్కటి మాత్రం నేను బలవంతంగా చేయించాను. అమ్మ వాడే రెండు రకాల షుగర్ మాత్రల్లో ఒకటి, తిండి సరిగా తినకుండా ఎక్కువసేపు నడిస్తే షుగర్‌ని బాగా పడగొట్టే రకం. డాక్టర్ ఆ రోజు వరకు దాని మోతాదు మార్చి రాశారు. ఇది అమ్మకు రాసింది, ఎవరికి వాళ్లు తమ డాక్టర్ని అడగాల్సిందే. చెమటలు పట్టినా, చేతులు వణికినా, ఉన్నట్టుండి ఆకలేసినా వెంటనే కూర్చుని మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నోట్లో వేసుకోవాలి, పావుగంట ఆగాలి, తగ్గకపోతే మళ్లీ వేసుకోవాలి అని చెప్పారు. చక్కెర పొట్లం బ్యాగులో కాదు, అమ్మ కొంగున ఉండాలని రాసుకున్నాం.

ఐదోది చెప్పులు. ఇక్కడ గొడవైంది. "దేవుని కాడికి చెప్పులేసుకొని పోతరా?" అంది అమ్మ. చాలామంది వట్టి కాళ్లతోనే నడుస్తారు, నిజమే. కానీ షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, చిన్న పుండు కూడా తొందరగా మానదు. రెండు రోజులు మాటల్లేవు. చివరికి నాన్నే తీర్పు చెప్పాడు. గుండం దాకా చెప్పులు, గుండం కాడ వట్టి కాళ్లు. బ్యాక్ స్ట్రాప్ ఉన్న చెప్పులు కొని, మూడు వారాల ముందు నుంచే వాడించాం. పోయినేటి కొత్త షూస్ బొబ్బలు నాకింకా గుర్తే.

ఆరోది సద్ది. ఇందులో నేను నోరెత్తలేదు. ఎండకు పెరుగన్నం పులిసిపోతుంది, టమాట కూర పాడవుతుంది. జొన్నరొట్టె, నువ్వుల పొడి, పులిహోర అయితే సాయంత్రం దాకా ఉంటాయి. నీళ్లు మనిషికి మూడు లీటర్లు, స్టీలు సీసాల్లో. ఒక లీటరుకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి వట్టి నీళ్లు మాత్రమే తాగితే చాలదు. పోయినేడు మావాడికి అర్థం కానిది అదే.

ఇక ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైంది. తిరుగు టైమ్. పదకొండు గంటలకు ఎక్కడుంటే అక్కడి నుంచే వెనక్కి. గుండం వంద అడుగుల్లో కనిపిస్తున్నా సరే. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. ఎవరికి కష్టమైతే వాళ్లు పైకి చెప్పాలి, చెప్పినందుకు రెండోవాళ్లు ఒక్క మాట కూడా అనకూడదు.

"అంతదూరం పోయి చూడకుంట వస్తే మందికేం జెప్తవ్?" అని అడిగింది అమ్మ. కావాలనే అడిగిందని తెలుసు.

"చూడలేదనే చెప్తా."

"ఆ, గదీ."

ఆ నీళ్లు ఎక్కడివి?

ప్లాన్ చేస్తున్నప్పుడే ఈ సందేహం వచ్చింది. చుట్టూ అంతా ఎండిపోయినప్పుడు ఆ లోయలో నీళ్లెలా ఉంటాయి? నల్లమల కొండలు ఎక్కువగా గట్టి క్వార్ట్‌జైట్, పలకరాయి పొరలతో ఏర్పడ్డాయి. ఆ రాతికి నిండా పగుళ్లు, అతుకులు. వానాకాలంలో కొండ మీద పడిన నీళ్లలో కొంత ఆ పగుళ్లలోకి ఇంకి, నెలల తరబడి మెల్లగా కిందికి దిగుతూ, లోయ కోసుకున్న చోట బయటికి వస్తుంది. మనం ఏప్రిల్‌లో నెత్తిన పోసుకునేది ఎప్పుడో కురిసిన వాన అన్నమాట. లోయ ఇరుకుగా, లోతుగా ఉండటం వల్ల అక్కడికి ఎండ కూడా ఎక్కువసేపు చేరదు.

ఇది తెలిశాక అటవీ శాఖ అన్ని ఆంక్షలు ఎందుకు పెడుతుందో కూడా అర్థమైంది. ఎండాకాలంలో ఇలాంటి ఊటలే అడవి జంతువులకూ ఆధారం. మనం వెళ్లే కొద్ది రోజులూ వాటి నీళ్ల దగ్గరికి వేల మందిమి పోతున్నట్టు లెక్క. పైగా నేలంతా ఎండుటాకులు. ఒక్క బీడీ ముక్క చాలు. ఆ అడవిలో పెంటల్లో బతుకుతూ తేనె, జిగురు ఏరుకునే చెంచులకు అది ఇల్లు, లింగమయ్య ఇంటి దేవుడు. మనం చుట్టాలం మాత్రమే. షీట్‌లో చివరి వరసగా 'మన చెత్త మన సంచిలోనే వెనక్కి' అని రాశాను.

వస్తున్నాం లింగమయ్యా

ఆ రోజు ఉదయం ఏడున్నరకు నడక మొదలైంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ముందు నడిచే గుంపు "వస్తున్నాం లింగమయ్యా" అని అరిస్తే, వెనక గుంపు అందుకునేది. మొదట్లో అమ్మ సిగ్గుపడింది. కిలోమీటరు దాటేసరికి నా కంటే గట్టిగా అరుస్తోంది. నడిచే దారి సుమారు ఐదు కిలోమీటర్లు. ప్రతి అరగంటకూ ఆగాం, నీళ్లు తాగాం. పోయినేడు మావాడు కూలబడిన రాయి కనిపిస్తే అమ్మకు చూపించాను. అమ్మ దాని మీద కాసేపు కూర్చుని లేచింది.

చివరి దిగుడు దగ్గర అసలు పరీక్ష. ఒక పక్క బండ, ఒక పక్క లోయ. ఒకరి వెనక ఒకరు తప్ప నడవలేని ఇరుకు. కింద నుంచి ఎక్కేవాళ్ల కోసం లైన్ ఆగిపోయింది. పది దాటింది. పదీ ఇరవై అయింది. నా చూపంతా వాచీ మీదే ఉంది. కొన్ని వందల గజాల దూరంలో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. వెనకాల ఎవరో తోసుకుంటుంటే, అమ్మ తిరిగి "యాడికి ఉరుకుతరు అయ్యా, లింగమయ్య ఏడికి పోడు" అంది. నా మనసులో మాత్రం పదకొండుకు ఏం చెయ్యాలా అనే ఉంది. ఇరవై రెండు సద్దులు కట్టిన మనిషిని ఇక్కడి నుంచి వెనక్కి తిప్పగలనా?

"టైమెంత?" అని అడిగింది అమ్మ.

"పదిన్నర."

"ఇంక అర్ధగంట ఉన్నది. గాకుంటే పోదాం తియ్." ఎంత మామూలుగా అందంటే, నా గుండెల మీద బరువు దిగిపోయింది.

లైన్ కదిలింది. పదీ యాభైకి గుండం దగ్గర ఉన్నాం.

నీళ్లు నిజంగానే సన్నగా ఉన్నాయి. అంత ఎత్తు నుంచి రాతిని పట్టుకుని జారి, గాలికి చెదిరి, జల్లులా పడుతున్నాయి. అమ్మ చెప్పులు విప్పి నా చేతికిచ్చి, వెళ్లి ఆ జల్లు కింద నిలబడింది. కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉంది. ఏం మొక్కుకుందో నేను అడగలేదు. బట్టలు మార్చుకునే చాటు గురించి కూడా అప్పుడే తెలిసింది. ఎవరో ముక్కూ ముఖం తెలియని ఇద్దరు ఆడవాళ్లు చీర అడ్డంగా పట్టుకున్నారు. అమ్మ బయటికి వచ్చాక తర్వాతి వాళ్ల కోసం తను ఒక కొస పట్టుకుంది. ఇది ఏ షీట్‌లోనూ దొరికే జవాబు కాదు.

సరిగ్గా పదకొండుంబావుకు ఎక్కడం మొదలుపెట్టాం. పావుగంట ఆలస్యం, చీర పట్టుకున్నందుకు.

ఎక్కుడు గురించి ఆ చెంచు కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. దిగుడు అయిపోయి పైదారి అందుకునేలోపే అమ్మ ఆగి, "అరే, చేతులు వణుకుతున్నయి" అంది. నుదుట చెమట. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అమ్మే కూర్చుని, కొంగు ముడి విప్పి, చక్కెర నోట్లో పోసుకుంది. పావుగంట. నేను తువ్వాల తడిపి మెడ మీద వేశాను, పోయినేడు ఆ కుర్రాడు చేసినట్టే. వణుకు తగ్గాక ఒక రొట్టె తింది. ఇంకో పావుగంట కూర్చున్నాం. పైకి చెప్పాలి అన్న నియమం పెట్టుకోకపోయి ఉంటే అమ్మ కచ్చితంగా ఓర్చుకుని నడిచేది. ఆడవాళ్లకు అదే అలవాటు చేశాం కదా మన ఇళ్లల్లో.

మూడుంబావుకు పైకి చేరాం. "పోయొస్తాం లింగమయ్యా" అని చివరిసారి అరిచేటప్పుడు అమ్మ గొంతు బొంగురుపోయింది.

బస్సు మన్ననూర్ దాటాక సిగ్నల్ వచ్చింది. నేను తీసిన ఫోటో స్టేటస్‌లో పెట్టాను. సన్నటి నీళ్లు, కింద తడిసిన అమ్మ. దాని కింద 'పోయినేడు పెట్టిన ఫోటో నాది కాదు, అప్పుడు సగం దారిలోంచి వచ్చేశాం' అని రాశాను. ముగ్గురు ఫ్రెండ్స్‌లో ఒకడు వెంటనే నవ్వు బొమ్మ పంపాడు. ఇంకొకడు 'వచ్చే ఏడు మమ్మల్ని కూడా అమ్మ వెంట పంపరా' అన్నాడు.

అమ్మ నా ఫోన్ లాక్కుని నాన్నకు కాల్ చేసింది.

"ఏమయ్యా, నువ్వు జెప్పినంత పెద్దగ ఏం లేదు. నీళ్లు సన్నగనే ఉన్నయి." కాసేపు ఆగింది. "గని మస్తు సల్లగున్నయి."

అవతల నాన్న ఏదో అన్నాడు. అమ్మ నవ్వింది.

"వచ్చేయేడు మళ్ల పోతం. ఈసారి సద్ది నువ్వు కట్టాలె."

ఫోన్లోంచి నాన్న గొంతు నాక్కూడా వినిపించింది. "రొట్టెలు జేసుడు నాకేడొస్తది?"

"ఇంక ఏడాది ఉన్నది గద," అంది అమ్మ. "నేర్సుకో."